గీత నుంచి మనిషికి: పాత కార్టూన్లు లైవ్ యాక్షన్ సినిమాలైనప్పుడు ఏం మారుతుంది

2025లో మార్చి నుంచి జూన్ లోపల హాలీవుడ్ నుంచి ఒకే తరహా సినిమాలు మూడు వచ్చాయి. మూడూ పిల్లలకు బాగా తెలిసిన యానిమేషన్ చిత్రాలను మళ్లీ నటీనటులతో తీసినవే. మార్చిలో వచ్చిన ‘స్నో వైట్’ ప్రపంచమంతా కలిపి 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. మేలో వచ్చిన ‘లిలో అండ్ స్టిచ్’ 100 కోట్ల డాలర్లు దాటింది. జూన్‌లో వచ్చిన ‘హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్’ 60 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2016 నాటి ‘మోఆనా’ను కూడా 2026 కోసం ఇదే పద్ధతిలో తీశారు.

వేసవి సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని తిరుపతిలోనో చిత్తూరులోనో థియేటర్‌కు వెళ్లే తల్లిదండ్రులకు ఇవన్నీ ఒకే కోవకు చెందిన సినిమాలుగా కనిపిస్తాయి. బొమ్మల సినిమా బాగానే ఉంది కదా, మళ్లీ ఎందుకు తీయడం అని కొందరు అడుగుతారు. పాతది మా పిల్లలు చూడలేదు, కొత్తగా వస్తే తప్పేమిటని మరికొందరు అంటారు. ఈ వాదన ఎంతసేపు సాగినా తేలకపోవడానికి ఒక కారణం ఉంది. లైవ్ యాక్షన్ రూపం అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నవి నిజానికి నాలుగైదు రకాల సినిమాలు. ఒకదాని మీద చేసిన విమర్శ ఇంకొకదానికి వర్తించదు.

ఏది లైవ్ యాక్షన్, ఏది కాదు

కెమెరా ముందు మనుషులో జంతువులో నిజంగా కదులుతుండగా చిత్రీకరించినది లైవ్ యాక్షన్. కదలికను ఒక్కొక్క ఫ్రేమ్‌గా తయారుచేసి, వాటిని వరుసగా చూపించినది యానిమేషన్. ఆ ఫ్రేమ్‌ను చేత్తో గీసినా, మట్టిబొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ ఫొటో తీసినా, కంప్యూటర్‌లో కట్టినా సూత్రం ఒక్కటే. కార్టూన్ అని వాడుకలో మనం పిలిచేది ఎక్కువగా మొదటి రకాన్ని, అంటే గీసిన బొమ్మల్ని.

ఇంతవరకు చిక్కేమీ లేదు. చిక్కంతా ఈ రెండూ కలిసినప్పుడు మొదలవుతుంది. కెన్నెత్ బ్రానా దర్శకత్వంలో 2015లో వచ్చిన ‘సిండరెల్లా’లో ఎలుకలు, గుమ్మడికాయ రథం వంటివి మినహాయిస్తే తెర మీద ఉన్నవారంతా నటులే కాబట్టి దాన్ని లైవ్ యాక్షన్ అనడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. మరుసటి ఏడాది జాన్ ఫావ్రో తీసిన ‘ది జంగిల్ బుక్’లో మోగ్లీగా నటించిన నీల్ సేఠీ అనే బాలుడు నిజం, అతని చుట్టూ ఉన్న అడవి, అందులో తిరిగే పులి, ఎలుగుబంటి కంప్యూటర్ సృష్టి. మధ్యభారతంలో జరిగే ఈ కథ చిత్రీకరణ మొత్తం లాస్ ఏంజెలిస్ నగరం మధ్యలోని ఒక స్టూడియోలో పూర్తయింది.

అదే దర్శకుడు 2019లో ‘ది లయన్ కింగ్’ తీసినప్పుడు ఆ ఒక్క బాలుడు కూడా లేడు. సినిమా మొదట్లో వచ్చే సూర్యోదయం షాట్ ఒక్కటే నిజంగా కెమెరాతో తీసినదని ఆయనే చెప్పారు. మిగతాదంతా కంప్యూటర్‌లో నిర్మించిన ప్రదేశంలో, ఛాయాగ్రాహకుడు కేలబ్ డెషనెల్ బృందం కళ్లకు వర్చువల్ రియాలిటీ పరికరాలు తగిలించుకుని, లేని కెమెరాను ఉన్నట్లుగా తిప్పుతూ ‘చిత్రీకరించినది’. ఇది ఏ కోవకు చెందుతుందో పరిశ్రమకే తేలలేదు. గోల్డెన్ గ్లోబ్ వారు దీన్ని ఉత్తమ యానిమేషన్ విభాగంలో నామినేట్ చేశారు. ఆస్కార్లలో అది యానిమేషన్ విభాగం వైపు వెళ్లకుండా విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో నామినేషన్ పొందింది. నా మటుకు నాకు ఇది యానిమేషన్ సినిమానే. దాన్ని లైవ్ యాక్షన్ అనడంలో సాంకేతిక వివరణ కంటే ప్రచార అవసరం ఎక్కువగా ఉందనిపిస్తుంది.

ఇంకొక రకం కూడా ఉంది. 2021లో వచ్చిన ‘టామ్ అండ్ జెర్రీ’లో నగరం, మనుషులు నిజమైనవే గానీ పిల్లి, ఎలుక మాత్రం కార్టూన్ బొమ్మల్లాగే మిగిలాయి. ఈ పద్ధతికి 1988 నాటి ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ ర్యాబిట్’ అందరికీ గుర్తున్న ఉదాహరణ.

బొమ్మ వెనక మనిషి

పాత కార్టూన్ స్వచ్ఛమైన ఊహ అనీ, లైవ్ యాక్షన్ దాన్ని మనుషుల స్థాయికి దించుతుందనీ ఒక అభిప్రాయం ఉంది. చరిత్ర దాన్ని పూర్తిగా సమర్థించదు. నటుల కదలికను ముందుగా చిత్రీకరించి, ఆ ఫ్రేముల మీద గీసుకుంటూ బొమ్మను కదిలించే రోటోస్కోప్ అనే పద్ధతిని మ్యాక్స్ ఫ్లైషర్ 1910ల లోనే రూపొందించారు. 1937 నాటి ‘స్నో వైట్’ కోసం మార్జ్ ఛాంపియన్ అనే నర్తకి చేత అభినయింపజేసి, ఆ చిత్రాన్ని చూస్తూ డిస్నీ చిత్రకారులు నాయిక కదలికల్ని గీశారు. అంటే ఆ బొమ్మలో మొదటి నుంచీ ఒక మనిషి దాగి ఉంది. అయితే చిత్రకారులు ఆ కదలికను ఉన్నదున్నట్లు తీసుకోలేదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో, దేన్ని పెంచి చూపాలో ఎంచుకున్నారు. ఆ ఎంపికే అసలు విషయం.

సింహం ముఖంలో దుఃఖం ఎలా కనిపిస్తుంది

దీన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. తిరుపతి శివార్లలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు వెళ్లి సింహాన్ని కాసేపు గమనించండి. అది ఆవలిస్తుంది, పళ్లు బయటపెడుతుంది, చెవులు వెనక్కి వంచుతుంది, తోక విసురుతుంది. దానికి మనకున్నట్లు కనుబొమ్మలు లేవు. కంటిలో తెల్లగుడ్డు దాదాపుగా కనిపించదు. పెదవుల కొసలు మన నవ్వులాగా పైకి లేవవు. మనిషి ముఖంలో దిగులు, అనుమానం, వెటకారం మనకు తెలిసేది ప్రధానంగా ఈ మూడు చోట్లే.

1994లో ‘ది లయన్ కింగ్’ గీసిన చిత్రకారులు సింహాలకు ఈ మూడూ ఇచ్చారు. స్కార్ అనే ప్రతినాయకుడికి నల్లటి జూలు, ఆకుపచ్చ కళ్లు, వంకరగా లేచే కనుబొమ్మ, సాగిపోయే గడ్డం ఉంటాయి. అతను మాట పలకకముందే అతని బుద్ధి ఏమిటో ఐదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. తండ్రి శవం పక్కన పడుకున్న సింబా ముఖంలో మనిషి పిల్లవాడి ఏడుపు కనిపిస్తుంది. 2019 సినిమాలో అదే దృశ్యం నిజమైన సింహపు కూన శరీరంతో జరుగుతుంది. ప్రతి వెంట్రుకా నిజంలా కదులుతుంది, మీసాల మీద దుమ్ము పడుతుంది, కానీ ముఖం మాత్రం జంతువుల ముఖాల్లాగే పెద్దగా మారదు. ఏడుపు గొంతులో వినబడుతుంది గానీ ముఖంలో కనబడదు.

పాటల్లో ఈ తేడా ఇంకా స్పష్టం. రాజు కావడానికి తొందరపడుతూ సింబా పాడే పాటలో 1994 సినిమా నేపథ్యం రంగులు మార్చేసుకుంటుంది. జంతువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురంలా నిలబడతాయి. 2019 సినిమా నిజంలా కనిపించడాన్నే నియమంగా పెట్టుకుంది కాబట్టి అలాంటిదేదీ చేయలేదు. అదే పాటకు కూనలు నీటిగుంట చుట్టూ పరిగెత్తుతాయి. ఇక్కడ దర్శకుడి అసమర్థత ఏమీ లేదు. తనకు తాను పెట్టుకున్న నియమానికి చెల్లించిన మూల్యం అది.

దీనికి ఎదురువాదం బలహీనమైనదేమీ కాదు. మనిషిలా నవ్వే సింహం కంటే, సింహంలాగే ఉండి కూడా మనతో మాట్లాడే సింహం ఎక్కువ అబ్బురం కలిగిస్తుందని చాలామంది ప్రేక్షకుల అనుభవం. పెద్ద తెర మీద ఆఫ్రికా గడ్డిమైదానాన్ని అలా చూడటమే ఒక ఆనందం. ఆ సినిమా 160 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిందంటే, ముఖకవళికలు లేవన్న విమర్శ విమర్శకులను బాధించినంతగా కుటుంబాలను బాధించలేదనుకోవాలి. పిల్లలు ముఖాన్ని మాత్రమే చదవరు. కథ ముందే తెలిసినప్పుడు అసలు చదవాల్సిన అవసరమే ఉండదు.

2025లో ‘లిలో అండ్ స్టిచ్’ ఈ సమస్యలో పడలేదు. స్టిచ్ అనే నీలిరంగు జీవి ఏ నిజమైన జంతువూ కాదు. ఇలా ఉండకూడదని చెప్పడానికి దాని అసలు రూపాన్ని చూసినవారెవరూ లేరు. కాబట్టి 2002 నాటి కార్టూన్ కొలతల్ని, పెద్ద చెవుల్ని, వెడల్పు నోటిని అలాగే ఉంచి, పైన నిజమైన బొచ్చు పరిచారు. డ్రాగన్ సినిమాలో టూత్‌లెస్ విషయంలోనూ ఇదే జరిగింది. పైగా 2010 నాటి యానిమేషన్‌కు దర్శకత్వం వహించిన ఇద్దరిలో ఒకరైన డీన్ డెబ్లోయిస్ చేతికే కొత్త సినిమా అప్పగించారు. లోకంలో లేని జీవి లైవ్ యాక్షన్‌లోకి సులువుగా వస్తుంది, ఉన్న జంతువుతోనే కష్టం. వినడానికి తలకిందులుగా ఉన్నా ఇటీవలి సినిమాలు దీన్నే చూపుతున్నాయి.

అరవై నాలుగు నిమిషాలు నూట పన్నెండు ఎలా అవుతాయి

పాత కార్టూన్లు చిన్నవి. 1941 నాటి ‘డంబో’ 64 నిమిషాలు. 2019లో టిమ్ బర్టన్ తీసిన రూపం 112 నిమిషాలు. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ 84 నుంచి 129కి, ‘అల్లాదీన్’ 90 నుంచి 128కి, ‘ది లయన్ కింగ్’ 88 నుంచి 118కి పెరిగాయి.

కార్టూన్ చిన్నదిగా ఉండటానికి కారణం శ్రమ. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. 64 నిమిషాలంటే 3,840 సెకన్లు, అంటే 92,160 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకునే పద్ధతి ఉన్నా, ఒకే ఫ్రేములో నాలుగు పాత్రలు కదిలితే నాలుగు బొమ్మలూ గీయాలి. ఇంత శ్రమ ఉన్నచోట అనవసరమైన దృశ్యం నిలవదు. కథ ఎముకల దాకా చెక్కి ఉంటుంది. నటులతో తీసేటప్పుడు ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే నిమిషం సన్నివేశం తీయడం కార్టూన్‌తో పోలిస్తే తేలిక. రెండు గంటల సినిమాకు అలవాటుపడిన ప్రేక్షకుడు కూడా ఆ నిడివిని ఆశిస్తాడు.

ఖాళీ చోటును దేనితో నింపుతారన్నది మరో ప్రశ్న. ఎక్కువగా కారణాలతో నింపుతారు. గీసిన కోటలో రాకుమార్తెకు తల్లి ఎందుకు లేదని ఎవరూ అడగరు. నిజమైన గోడల మధ్య నిజమైన అమ్మాయి నిలబడగానే ఆ ప్రశ్న వస్తుంది. అందుకే 2017 ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’లో నాయిక బెల్ తల్లి ప్లేగుతో చనిపోయినట్లు కొత్త సన్నివేశం చేర్చారు. 2019 ‘అల్లాదీన్’లో రాకుమార్తె జాస్మిన్‌కు ఒక కొత్త పాట ఇచ్చి, చివరకు ఆమెనే సుల్తాన్‌ను చేశారు. ‘డంబో’లోనైతే మాట్లాడే ఎలుకను పక్కనపెట్టి, సర్కస్‌లోని ఒక మానవ కుటుంబాన్ని కథ మధ్యకు తెచ్చారు.

వీటిలో కొన్ని మంచి మార్పులు, కొన్ని పూడికలు. జాస్మిన్ విషయంలో మార్పుకు అర్థం ఉంది; 1992 కథలో ఆమె పెళ్లి చుట్టూనే అంతా తిరుగుతుంది, ఆమె ఏం కోరుకుంటుందన్నది వెనకబడుతుంది. ప్లేగు సన్నివేశం మాత్రం ఎవరూ అడగని ప్రశ్నకు జవాబులా అనిపిస్తుంది. జానపద కథలో తెలియకుండా మిగిలిపోయేదానికి కూడా ఒక బలం ఉంటుందని వాదించేవారు ఒకవైపు, నేటి పిల్లలు ‘ఎందుకు’ అని అడిగినప్పుడు జవాబు చెప్పాల్సిందేననేవారు మరోవైపు ఉన్నారు.

కథ ఎవరి సొత్తు

ఒకే కథ మీద రెండు సంస్థలు పోటీ పడి సినిమాలు తీయడం చూసి చాలామంది తికమక పడతారు. కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ 1894లో వచ్చింది. ఆయన 1936లో మరణించారు. భారత చట్టంలో రచయిత మరణం తరువాత 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. కాబట్టి మోగ్లీ కథ ఇప్పుడు అందరిదీ. అందుకే 2016లో డిస్నీ సినిమా వచ్చిన రెండేళ్లకే ఆండీ సెర్కిస్ తీసిన ‘మోగ్లీ’ మరో సంస్థ నుంచి నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది.

కానీ కోతుల రాజు లూయీ కిప్లింగ్ పుస్తకంలో లేడు. 1967 కార్టూన్ కోసం డిస్నీ సృష్టించిన పాత్ర అది. 2016 డిస్నీ సినిమాలో లూయీ ఉన్నాడు. సెర్కిస్ సినిమాలో లేడు. పైగా లూయీ కార్టూన్‌లో ఒరాంగుటాన్. ఆ జాతి భారతదేశపు అడవుల్లో ఉండదు కాబట్టి, ఒకప్పుడు ఆసియాలో బతికి అంతరించిన జైగాంటోపిథెకస్ అనే భారీ వానరంగా అతన్ని 2016లో మార్చారు. నిజంలా కనిపించాలన్న నియమం కథలోకి ఎంత దూరం చొచ్చుకొస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. పులి కోర్టు తీర్పులా మాట్లాడవచ్చు, పామును చూస్తే మత్తు రావచ్చు, కానీ ఒరాంగుటాన్ మాత్రం తప్పు చోట ఉండకూడదు!

స్నో వైట్ కూడా ఇంతే. 19వ శతాబ్దంలో గ్రిమ్ సోదరులు సేకరించిన కథ ఎవరైనా తీయవచ్చు. ఏడుగురు మరుగుజ్జులకు గ్రంపీ, డాక్ వంటి పేర్లు గ్రిమ్ కథలో లేవు. అవి 1937 సినిమావి. వాటిని వాడే హక్కు డిస్నీది. కాబట్టి ఒక సంస్థ తన పాత కార్టూన్‌ను మళ్లీ తీయడంలో జ్ఞాపకాలను అమ్ముకోవడమే కాక, అందరికీ చెందిన కథలో తన భాగం ఏదో మళ్లీ గుర్తుచేయడం కూడా ఉంది.

ఎవరు నటించాలి

ఎక్కువ గొడవ జరిగేది ఇక్కడే, ఎక్కువసార్లు సినిమా విడుదల కాకముందే. 2023 ‘ది లిటిల్ మెర్మెయిడ్’లో నల్లజాతి నటి హాలీ బెయిలీని తీసుకున్నప్పుడు, మనసులో ముద్రపడిన ఎర్రజుట్టు తెల్ల అమ్మాయి బొమ్మ ఏమైందని కొందరు అడిగారు. జలకన్యకు జాతి ఏమిటని ఇంకొందరు ఎదురడిగారు. ఈ అభ్యంతరం ఒకవైపు నుంచే రాదు. 2010లో ‘ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ వచ్చినప్పుడు, ఆసియా సంస్కృతుల ఆధారంగా అల్లిన కార్టూన్‌లోని ముఖ్యపాత్రలకు తెల్లజాతి నటులను తీసుకున్నారని విమర్శ వచ్చింది. గీసిన బొమ్మ జాతి విషయాన్ని కొంత అస్పష్టంగా ఉంచగలదు. కెమెరా ముందు నిలబడిన మనిషి అలా ఉండలేడు. ఎవరినో ఒకరిని ఎంచుకోక తప్పదు, ఎంచుకోగానే ఇన్నాళ్లూ ఎవరికి వారు ఊహించుకున్న ముఖాలన్నీ చెరిగిపోతాయి.

‘స్నో వైట్’ మరుగుజ్జుల విషయం ఇంకా క్లిష్టం. గుహలో బతికే ఏడుగురు మరుగుజ్జుల కథను ఈ కాలంలో మళ్లీ చెప్పడమేమిటని 2022లో నటుడు పీటర్ డింక్లేజ్ బహిరంగంగా విమర్శించారు. చివరికి ఆ పాత్రలను కంప్యూటర్‌తో రూపొందించారు. దాంతో పొట్టివారైన మరికొందరు నటులు, తమకు అరుదుగా దొరికే పెద్ద సినిమా అవకాశం కూడా పోయిందని బాధపడ్డారు. రెండు అభ్యంతరాలూ న్యాయమైనవే. రెండింటినీ తృప్తిపరిచే దారి ఉందో లేదో గానీ, కంప్యూటర్ బొమ్మలు మాత్రం ఏ పక్షాన్నీ సంతోషపెట్టలేదు.

స్టూడియో లెక్క

విడుదలైన సినిమా టికెట్ల డబ్బంతా నిర్మాతకు చేరదు. థియేటర్ల వాటా పోగా స్థూలంగా సగం వస్తుంది. ప్రచారానికి విడిగా ఖర్చవుతుంది. అందుకే నిర్మాణ ఖర్చుకు రెండున్నర రెట్లు వసూలైతే థియేటర్లలో గట్టెక్కినట్లని వ్యాపార వర్గాలు ఒక అంచనా వేసుకుంటాయి. ఇది మొరటు లెక్కే గానీ పోల్చడానికి పనికొస్తుంది. ‘స్నో వైట్’కు 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని వార్తలొచ్చాయి, గట్టెక్కాలంటే 62 కోట్లకు పైగా రావాలి, వచ్చినవి 20 కోట్లు. ‘లిలో అండ్ స్టిచ్’ మొదట ఓటీటీ కోసం తలపెట్టిన సినిమా. ఖర్చు దాదాపు 10 కోట్లు, గట్టెక్కే గీత 25 కోట్లు, వచ్చినవి 100 కోట్లకు పైన. ఇక స్టిచ్ బొమ్మలు, బ్యాగులు, చొక్కాల అమ్మకాలు వేరు. కళ ఎలా ఉన్నా ఈ రెండింటి మధ్య తేడాలో కొంత ఖర్చు దగ్గరే ఉంది.

జ్ఞాపకాల లెక్క కూడా తరచూ చెబుతారు. 1994లో ఎనిమిదేళ్ల పిల్లవాడికి 2019లో 33 ఏళ్లు; తన పిల్లల్ని తీసుకుని వెళతాడు. 2002లో ఎనిమిదేళ్ల అమ్మాయికి 2025లో 31. లెక్క కుదిరింది. 1937 సినిమాను ఎనిమిదేళ్ల వయసులో చూసినవారికి 2025లో 96 ఏళ్లు. అంత పాత సినిమాకు జ్ఞాపకాలు జనాన్ని తేలేదు కాబట్టి ఇదీ కుదిరినట్లే ఉంది. కానీ 1950 నాటి ‘సిండరెల్లా’కు 65 ఏళ్ల తరువాత వచ్చిన రూపం విజయం సాధించింది. 1967 ‘జంగిల్ బుక్’కు 49 ఏళ్ల తరువాత వచ్చినది అంతకంటే పెద్ద విజయం. డ్రాగన్‌కు వ్యవధి 15 ఏళ్లే. అప్పటి పిల్లలు ఇంకా తల్లిదండ్రులు కాలేదు. ‘మోఆనా’కు పదేళ్లే. కాబట్టి జ్ఞాపకాలు ఒక కారణమే తప్ప సూత్రం కావు.

ఖర్చు తగ్గించుకునే ఒత్తిడి ఎవరి మీద పడుతుందో చిత్తూరు జిల్లా వారికి కొంత దగ్గరి విషయం. ‘జంగిల్ బుక్’, ‘లయన్ కింగ్’ జంతువుల పనిలో ముఖ్యపాత్ర పోషించిన ఎంపీసీ సంస్థకు బెంగళూరులో పెద్ద స్టూడియో ఉండేది. పలమనేరు దాటితే బెంగళూరు ఎంతో దూరం కాదు. ఇంజనీరింగో ఫైన్ ఆర్ట్సో చదివి అటు వెళ్లే యువతకు ఈ గ్రాఫిక్స్ రంగం కూడా ఒక దారి. ఎంపీసీ మాతృసంస్థ టెక్నికలర్ 2025 ఫిబ్రవరిలో, అంటే ‘స్నో వైట్’ విడుదలకు కొద్ది వారాల ముందు, కుప్పకూలింది. సింహం జూలులో ఒక్కో వెంట్రుకనూ కదిలించిన వేలమంది ఉద్యోగాల పరిస్థితి, ఆ సింహం వసూలు చేసిన డబ్బుతో సంబంధం లేకుండా తేలిపోయింది.

మన దగ్గర జ్ఞాపకం వేరే తీరు

అమెరికాలో 1994 సినిమాను థియేటర్‌లో చూసి పెరిగిన తరం ఉంది. తిరుపతి చుట్టుపక్కల అదే వయసువారి బాల్యం టీవీది. ‘జంగిల్ బుక్’ అంటే వారిలో చాలామందికి డిస్నీ సినిమా గుర్తురాదు. దూరదర్శన్‌లో 1990ల ఆరంభంలో ఆదివారాలు వచ్చిన జపాన్ సీరియల్, గుల్జార్ రాసిన ‘జంగల్ జంగల్ బాత్ చలీ హై’ పాట గుర్తొస్తాయి. ఈ సంగతి స్టూడియోకు తెలుసు. 2016 సినిమా ప్రచారానికి ఆ పాటను మళ్లీ పాడించారు. సినిమాను అమెరికా కంటే వారం ముందు, ఏప్రిల్ 8న ఇక్కడ విడుదల చేశారు. డిస్నీ సినిమాకు డిస్నీది కాని జ్ఞాపకం పనికొచ్చింది.

మిగతా సినిమాల విషయంలో జ్ఞాపకం లేని చోటును గొంతులు నింపాయి. 2019 ‘అల్లాదీన్’ తెలుగు రూపంలో జీనీకి వెంకటేశ్, అల్లాదీన్‌కు వరుణ్ తేజ్ గొంతు అరువిచ్చారు. ‘ది లయన్ కింగ్’లో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, సింబా తండ్రి ముఫాసాకు రవిశంకర్, అడవిపంది పుంబాకు బ్రహ్మానందం, దాని నేస్తం టిమోన్‌కు అలీ. 2024లో వచ్చిన ‘ముఫాసా’కు మహేశ్‌బాబు. పై చర్చలో ముఖం లేని సింహం గురించి చెప్పుకున్నాం కదా, దానికి ఇక్కడొక విచిత్రమైన పరిష్కారం దొరికింది. నిజమైన అడవిపంది ముఖంలో హాస్యం పండదు. కానీ ఆ ముఖం వెనక నుంచి బ్రహ్మానందం గొంతు వినబడగానే తెలుగు ప్రేక్షకుడు ఆ కళ్లు, ఆ పెదవి విరుపు తనంతట తానే ఊహించుకుంటాడు. తెర మీద లేని ముఖకవళికను మూడు దశాబ్దాల సినిమా పరిచయం సమకూర్చింది. అందుకే ఆంగ్ల విమర్శకులు ఆ సినిమా మీద చేసిన ముఖ్యమైన ఫిర్యాదు తెలుగులో చూసినవారికి అంత బలంగా తగలకపోయి ఉండవచ్చు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం కూడా మాట్లాడే కుటుంబాలకు ఇంకో ఎంపిక ఉంటుంది. తమిళంలో స్కార్ గొంతు అరవిందస్వామిది.

ఛోటా భీమ్ ఎదుర్కొన్నది

మన కార్టూన్ ఒకటి ఇదే దారిలో వెళ్లింది. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ, రాజీవ్ చిలక సృష్టించిన ఛోటా భీమ్ 2008 నుంచి టీవీలో ఉన్నాడు. 2012లో దమ్యాన్ శాపం కథతో యానిమేషన్ సినిమా వచ్చింది. అదే కథను చిలక స్వయంగా నటులతో తీసి 2024 మే 31న విడుదల చేశారు. యజ్ఞ భాసిన్ భీముడు, అనుపమ్ ఖేర్ గురువు. ఆశించిన ఆదరణ దక్కలేదు.

పైన చూసిన లెక్కల్నే దీనికీ వర్తింపజేస్తే కొన్ని కారణాలు కనిపిస్తాయి. 2008లో ఆరేళ్ల పిల్లవాడికి 2024లో 22. ఛోటా భీమ్‌ను వదిలేసిన వయసు, తన పిల్లలకు చూపించే వయసు ఇంకా రాలేదు. ఇక కార్టూన్ భీముడి శరీరం కొలతలు చిన్నపిల్లవాడివి, బలం మల్లుడిది. ఆ రెండింటి మధ్య తేడాయే అందులోని వినోదం. నిజమైన బాలుడు లడ్డూ తిని రాక్షసుడిని ఎత్తిపడేస్తే ఆ తేడా గ్రాఫిక్స్ పనిగా కనిపిస్తుంది. లడ్డూ మహిమ మీద తిరుపతి పిల్లలకు సందేహాలు తక్కువే గానీ, తెర మీద బరువు అబద్ధంగా కనిపిస్తే వారూ పట్టేస్తారు.

ఇలాంటి అద్భుతాలు నటులతో కుదరవని అనలేం. 1957 నాటి ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్వీ రంగారావు నోట్లో పడతాయి, నేటికీ ఎవరూ ప్రశ్నించరు. ఆ దృశ్యంలో నమ్మకం మార్కస్ బార్ట్‌లీ కెమెరా తంత్రం ఒక్కదాని వల్ల రాలేదు. ఆ భారీకాయం, ఆ నవ్వు ముందుగానే కార్టూన్ స్థాయిలో ఉన్నాయి.

ఛోటా భీమ్ వచ్చిన మరుసటి ఏడాది, 2025 జూలైలో, ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుడు, స్తంభం నుంచి వెలువడే నరసింహుడు, మొత్తం యానిమేషనే; ఒక్క నటుడూ తెర మీద లేడు. తెలుగు సహా పలు భాషల్లో విడుదలై, 300 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసిందని వ్యాపార వర్గాల లెక్క. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి కూర్చుని చూసే పెద్ద సినిమా కావాలంటే కార్టూన్‌ను మనుషులతో మళ్లీ తీయాలన్న ఊహ మీదే హాలీవుడ్ లైవ్ యాక్షన్ వ్యాపారం చాలావరకు నిలబడి ఉంది. మన థియేటర్లలో ఆ ఏడాది ఆ ఊహ అవసరం పడలేదు.